నూరో పేరు

ప్యూమాకి అన్యాయం జరిగింది బర్మా వాళ్ళ సక్కరాజ్ శకం 568, తబోద్వె నెల, బహుళ పంచమి నాడు. చేసినవాడు పరాయివాడు కాదు. తోడబుట్టిన అన్న.

పగాన్ పట్నానికి దక్షిణాన, మ్యిన్కబా ఊరి దారిలో, కప్పు పడకుండానే ఆగిపోయిన మొండి గుడి ఒకటుంది. దాని గోడల మధ్య రాతిపనివాళ్ళు శాసనాలు చెక్కేవారు. చెక్కడం అయ్యాక బండ్ల మీద ఆయా గుళ్ళకి తోలేవారు. ప్యూమా పేరు చెక్కిందీ అక్కడే. ఒక దొర గుడికి ధారపోసే బానిసల వరసలో తన బదులు చెల్లెలి పేరు రాయించి, ఏమీ ఎరగనట్టు ఆమెని పండగ భోజనానికి రమ్మన్నాడు అన్న. తల్లో పూలు పెట్టుకుని మరీ వెళ్ళింది పిచ్చిది. భిక్షువు శాసనం చదువుతూ చదువుతూ ఆమె పేరు దగ్గర ఆగి, తలెత్తి చూశాడట. అప్పటికే ఆమె పరిగెడుతోంది...

నూతిలో దూకిందన్నారు కొందరు. ఐరావతి ఏట్లో పడిందన్నారు కొందరు. శవాన్ని చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ తర్వాత ఆ చోటికి చెడ్డపేరు పడింది. పనివాళ్ళంతా ఇళ్ళకి చేరాక, చీకట్లో, లోపల్నుంచి టక్... టక్... అని ఉలి చప్పుడు. దగ్గరికి వెళితే ఆడగొంతు గుసగుసగా అడుగుతుందట — రాతిమీద ఎవరి పేర్లున్నాయో కాస్త చదివి చెప్పమని. చదివిన మనిషి ఏడాది తిరక్కుండా తానూ రాతికెక్కుతాడట. నలభై ఏళ్ళు ఇదే మాట. ఏటి గట్టు మీంచి చుట్టూ తిరిగి పోయేవారు తప్ప, పొద్దుగూకాక ఆ దారి తొక్కిన మగాడు లేడు.

ఒక్క న్గా తోన్ తప్ప.

న్గా తోన్ శాసనాలు చెక్కే పనివాడు. సేనాపతమ్మ కట్టించిన కొత్త గుడికి శాసనం చెక్కే పని అతనికి దొరికింది. మొగుడు పోయిన సేనాపతమ్మ, అతని పేరున తన ఇంటి మనుషులు నూరుగురిని గుడికి ధారపోస్తానని మొక్కుకుంది. పున్నమినాడు ధార, ఆలోగా రాయి ముగించాలి, అందుకని రాత్రిళ్ళు కూడా దీపం పెట్టుకుని చెక్కుతున్నానని పెళ్ళానికి చెప్పాడు తోన్. దెయ్యం సంగతేమిటయ్యా అని ఆమె అడిగితే, నీ నోటికంటే దెయ్యం నోరే మెత్తన, దాంతోనే హాయిగా ఉందన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆమె పేరు చమ్‌సా. ఏడో నెల. స్వతంత్రురాలు, స్వతంత్రుల కూతురు. పగాన్‌లో ఆ మాటకున్న బరువు ఎరిగిన మనిషి. తల్లి ఏదో బిడ్డా అదే. తల్లి గుడి బానిసైతే బిడ్డా, ఆ బిడ్డ బిడ్డా, రాబోయే బుద్ధుడు మైత్రేయుడు పుట్టేదాకా గుడి బానిసలే.

చమ్‌సాకి ఇంకో సంగతి ఉంది, అది మొగుడికి కూడా తెలియదు. ఆమెకి చదువొచ్చు. ఎవరు నేర్పుతారు? తోన్ సుద్దతో రాసి తుడిచిన పలకలు చూసి, పొయ్యి ముందు బొగ్గుతో దిద్ది దిద్ది తనే పట్టేసింది. పున్నమినాడు, జనమంతా చూస్తుండగా, మొగుడు చెక్కిన రాతిని భిక్షువు కంటే ముందు తానే గడగడా చదివి తోన్ నోరు తెరిపించాలని ఆశ. అందుకే ఇన్నాళ్ళూ దాచుకుంది. ప్రేమగా దాచిన ఆ రహస్యానికి ఏ గతి పట్టిందో ఇక వినండి.

పని దొరికిన సంబరానికని, నయోన్ నెల శుద్ధ అష్టమి గురువారం నాడు, తోన్ ఆమెని సేనాపతమ్మ గుడికి విందుకి తీసుకెళ్ళాడు. కొత్త గుడి ముందు పందిరి. సేనాపతమ్మ ఇంటి మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. ఇంకెక్కడా నీడ లేదు, నిలబడితే కాళ్ళు వాస్తాయని, తోన్ ఆమెని ఆ వరస చివర కూర్చోబెట్టాడు. ఇంటి పెత్తందారు ఒక్కొక్కరి తలా తాకుతూ లెక్కపెట్టుకొచ్చి, చమ్‌సా తల తాకి, నూరు అన్నాడు. నువ్వులు కలిపిన ఊరబెట్టిన తేయాకు అందరి చేతుల్లో తలా ఇంత పెట్టాడు. నాకు ఇద్దరి వంతు రావాలి, లోపలివాడు అడుగుతున్నాడని చమ్‌సా పరాచికమాడింది. పెత్తందారు నవ్వలేదు. తోన్ ముఖం కేసి చూసి, ఇంకో చిటికెడు పెట్టాడు.

పదిమంది ముందు తేయాకు తింటే ఒప్పుకున్నట్టే అని పగాన్‌లో చంటిపిల్లకైనా తెలుసు. పొలం అమ్మినా, పిల్లనిచ్చినా, తగవు తీర్చుకున్నా ముందది నోట్లో పడాలి. తోన్ చెక్కే పని ఒప్పుకున్నాడు, దానికీ తేయాకు అనుకుంది ఆమె. సేనాపతమ్మ ఏదో గొణుగుతూ బంగారు చెంబుతో నేలమీద నీళ్ళు వదిలింది. పుణ్యం పంచుకునేవాళ్ళు ఏ విందులోనైనా నీళ్ళు వదులుతారు. అందరితో పాటు చమ్‌సా కూడా చేతులెత్తి మూడుసార్లు సాధు, సాధు, సాధు అంది.

ఒక్కటే ఆమె కంట్లో నలుసులా పడింది. సేనాపతమ్మ మగ్గం మీద నేసే పొన్‌యా అనే పిల్ల ఆ వరసలో లేదు. తల్లో పూలతో, కొత్త చుట్టుబట్టతో, అవతల నిలబడి ఉంది. ఇటు చూడటం లేదు.

*

చతుర్దశి రాత్రి. తెల్లారితే పున్నమి. తోన్ ఇంకా ఇంటికి రాలేదు. అన్నం చల్లారిపోయింది.

చమ్‌సా గిన్నెలో అన్నం, చేపల పచ్చడి సర్ది, నువ్వులనూనె దీపం పట్టుకుని బయల్దేరింది. పక్కింటి కుమ్మరామె గుమ్మంలో అడ్డం పడింది. కడుపుతో ఉన్నదానివి, ఆ దారినా పోవడం, ఒకరిని పట్టాలంటే ఇద్దరు దొరుకుతారు దానికి అని తిట్టింది. నా మొగుడు రోజూ దాని పక్కనే కూర్చుంటున్నాడు, అతన్ని పట్టనిది నన్నేం పడుతుంది అంది చమ్‌సా. అందే గాని, దారిలోని చింతచెట్ల దాకా వచ్చేసరికి ఆమె కాళ్ళు తమంతట తామే నెమ్మదించాయి.

వెన్నెల్లో మొండి గోడలు. లోపల చీకటి. దీపం వెలుగేమీ లేదు...

టక్.

ఆమె ఆగింది.

టక్... టక్...

పని చేస్తున్నాడు, అనుకుంది. కాని దీపం లేకుండా ఎలా చెక్కుతాడు? "ఏమయ్యా," అని మెల్లగా పిలిచింది.

చప్పుడు ఆగిపోయింది.

కడుపులో బిడ్డ ఒక్కసారి గట్టిగా తన్నాడు. ఆమె గోడ పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. ముందు దీపం, వెనక ఆమె. నిలువెత్తు రాయి నిలబెట్టి ఉంది. దాని మొదట్లో తెల్లగా ఏదో... జుట్టు. కూర్చుని ఉన్న ఆకారం. రాతిమీద ఒక వేలు, ఎముకలా, అక్షరాల గుంటల్లో పాకుతోంది — ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి...

"చదువొచ్చా తల్లీ?" అంది ఆ ఆకారం గుసగుసగా.

చేతిలో గిన్నె జారి పడింది. పరిగెత్తాలి. కాళ్ళు లేవలేదు. ఆ ఆకారం మెల్లగా లేచి, ఆమె వైపు ఒక్కొక్క అడుగే వేసి, వంగి... నేలమీద ఒలికిన అన్నం ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది.

దగ్గింది. పొలమారిన దగ్గు. దెయ్యాలకి పొలమారదు.

దీపం కాస్త ఎత్తింది చమ్‌సా. పళ్ళులేని ముసలిది. ఆమె లేచిన చోట చిన్న రోలు, అందులో వక్క. అదే టక్ టక్.

"ఎవరవ్వా నువ్వు?"

"ప్యూమా అంటారు. చచ్చిపోయానని కూడా అంటారు." ముసలిది చేతులు తుడుచుకుంది. "చావడానికి గుడి బానిసకి తీరికెక్కడిది? నూతిదాకా పోయాను. పట్టుకొచ్చి ఆ పక్కనున్న దొర గుడి విహారానికి తోలారు. నలభై ఏళ్ళుగా అక్కడే ఊడుస్తున్నాను."

మరి ఈ చీకట్లో ఇక్కడేం పని అని చమ్‌సా అడిగింది. ముసలిది చెప్పిన జవాబు అప్పటికి నలభై ఏళ్ళ పాతది, వినేదాకా నిలబడ్డవాళ్ళు లేరంతే. ఇక్కడికి కొత్త రాయి వచ్చిందంటే అది రాత్రిపూట వస్తుంది. వేలితో తడుముతుంది, కాని చదవడం రాదు. దారినపోయేవాళ్ళని అడుగుతుంది, పేర్లు చదివి చెప్పమని. ఎవరి పేరైనా దొంగచాటుగా ఎక్కించారేమో తెలిస్తే, ముందే వెళ్ళి వాళ్ళ చెవిన వేద్దామని. తనకి ఎవరూ చెప్పలేదు గనక.

"నీళ్ళు వదిలేదాకా రాయి వట్టి రాయే తల్లీ. పారిపోవచ్చు. నీళ్ళు వదిలాక భూదేవి సాక్షి. రాజు కూడా తీయలేడు. నలభై ఏళ్ళుగా అడుగుతున్నాను, ఒక్కడు... ఒక్కడు ఆగి చదవలేదు. కేకలు పెట్టుకుంటూ పోయారు మగధీరులంతా."

చమ్‌సాకి భయం పోయి సిగ్గేసింది. తన మొగుడేడని అడిగింది. చెక్కేవాడా, ఐదారు రోజులుగా చూస్తున్నాను, పొద్దుండగానే ఉలి కడిగి, తల దువ్వుకుని వెళ్ళిపోతాడు అంది ముసలిది. ఎటు వెళ్తాడని చమ్‌సా అడగలేదు. సేనాపతమ్మ ఇల్లున్న వైపు ముసలిది గడ్డం తిప్పింది.

చమ్‌సా దీపం రాతికి ఆనించి పేర్లు చదవడం మొదలుపెట్టింది. వంటవాళ్ళు, ఏనుగుల వాళ్ళు, డోలు కొట్టేవాళ్ళు, చంకలో పాలు తాగే బిడ్డలు. తోన్ చెయ్యి ఎంత అందమైనదో మొదటిసారి చూస్తోంది. ముత్యాలు గుచ్చినట్టు గుండ్రటి అక్షరాలు. మగ్గం మనుషుల దగ్గరికి వచ్చింది. ఒకరు, ఇద్దరు, ఆరుగురు. ఏడుగురు ఉండాలే. పొన్‌యా పేరు లేదు. మళ్ళీ మొదట్నుంచి వెతికింది. లేదు.

వేలు కిందికి జారింది. ఆఖరి వరస. గుంటల్లో ఇంకా రాతిపొడి ఉంది.

"చదువు తల్లీ," అంది ముసలిది.

"న్గా తోన్ పెళ్ళాం చమ్‌సా." ఎవరి పేరో చదివినట్టే చదివింది. "మొత్తం నూరుగురు. చమ్‌సా కడుపులోది, పైన ఒకటి."

దాని కింద శాపం. ఈ పేర్లలో ఒక్కటి చెరిపినా అవీచి నరకంలో పడి పైకి తేలకుందురుగాక అని. అదీ ఎంతో అందంగా చెక్కాడు.

ముసలిదే ముందు తేరుకుంది. చమ్‌సా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో నలభై ఏళ్ళ తొందర ఉంది.

"ఏడవకు. ఏడుపు తర్వాత. రేవులో ఉప్పు పడవలున్నాయి, తెల్లారేలోగా కిందికి పోతాయి. నీళ్ళెప్పుడు వదులుతారు?"

"రేపు," అంది చమ్‌సా. ఆ మాటతోనే ఊపిరి తిరిగింది. "పున్నమికి. నాకు చెప్పాడు."

"వాడు చెప్పింది నాకొద్దు. రాయి చెప్పేది చదువు. పైన ఉంటుంది, మొదటి వరసలో. నీళ్ళు వదిలిన రోజే వేస్తారు."

చమ్‌సా కాలిమడమలు ఎత్తి, దీపం పైకి పట్టింది. మొదటి అక్షరం చూస్తుండగానే నాలుక మీద తేయాకు చేదు తగిలింది. తల మీద పెత్తందారు చెయ్యి తగిలింది. అయినా చదివింది. నేర్చుకున్నందుకు చదవాలి కదా.

"సక్కరాజ్ 608. నయోన్ నెల. శుద్ధ అష్టమి, గురువారం."