డార్లా పేరు మీద పంటి బాకీ

డార్లా ప్రూయిట్ పేరు ఎవరో దొంగిలించారు.

ఆ సంగతి శుక్రవారం బ్యాంకు చెబితే తెలిసింది. ఇంటి లోన్ ఆగిపోయింది. కిందటేడు ఒక డెంటల్ క్లినిక్‌లో ఆమె పేరున, వైద్యానికి అప్పిచ్చే క్రెడిట్ కార్డు తీసుకున్నారు. కొన్ని నెలలు కట్టి మానేశారు. వడ్డీతో బాకీ నాలుగు వేల ఆరువందల డాలర్లు. డార్లా ఎన్నడూ ఆ క్లినిక్ గడప తొక్కలేదు.

సోమవారంలోగా తేలకపోతే కొనాలనుకున్న ఇల్లు వేరేవాళ్ళకు పోతుంది. అద్దె ఇల్లు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు షెరిఫ్ ఆఫీసు డిటెక్టివ్ నడీన్ హోఫర్ డార్లా పెరట్లో కూర్చుంది. గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్నాయి. స్కూల్ బస్సు నడిపే డార్లా కుదురుగా కూర్చోలేక వాటిని పటకారుతో తిప్పుతోంది. బల్ల దగ్గర ఆమె తల్లి ఓపల్. పక్కన మాజీ మొగుడు రాయిస్. విడాకులైనా శనివారం భోజనం మానలేదు.

"బాకీ కట్టేస్తే పోదా?" డార్లా అడిగింది.

"ఆస్పత్రి బిల్లయితే కట్టగానే క్రెడిట్ రిపోర్టులోంచి తీసేస్తారు. ఇది కార్డు. కట్టినా ఏడేళ్ళు మచ్చ ఉంటుంది. మోసమని కేసు పెట్టాలి."

"వైద్యం ఎవరికి చేశారో క్లినిక్ చెప్పదా?"

"మీరు కంప్లయింట్ మీద సంతకం పెడితే చెప్తుంది."

నడీన్ రాయిస్ వైపు తిరిగింది.

"కార్డు తీసుకోవాలంటే సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. డార్లాది తెలుసా?"

"పదకొండేళ్ళు ఇద్దరి ట్యాక్సు రిటర్నులూ నేనే వేశాను. తెలుసు."

"మీ నోట్లో ఆ బంగారు పన్ను?"

"నేవీలో పెట్టించారు. సర్కారు సొమ్ము."

"నమ్మకండి మేడమ్. నా ట్రక్కు మూడుసార్లు తాకట్టు పెట్టాడు," అంది డార్లా.

"రెండుసార్లే తల్లీ!"

ఓపల్ నవ్వింది. పొత్తు అందుకుని కొరికింది.

రాయిస్ జేబులోంచి చాకు తీసి, చూసి, మడిచాడు. "కొత్త పళ్ళొచ్చాక అత్తకు గింజలు కోసిపెట్టే ఉద్యోగం ఊడింది నాకు. పన్నెండేళ్ళ సర్వీసు."

"ఆ పళ్ళు ఎవరు పెట్టారు?" నడీన్ అడిగింది.

"చర్చి వాళ్ళు," అంది డార్లా. "సంత మైదానంలో రెండు రోజులు ఉచిత క్యాంపు పెట్టారు. పళ్ళు వచ్చాకే అమ్మకు బేకరీ కౌంటర్లో పని దొరికింది. ఇంటి డౌన్ పేమెంట్‌లో సగం ఆమెదే."

నడీన్ రాయడం ఆపింది.

"మా నాన్నను నేనే ఆ క్యాంపుకు తీసుకెళ్ళాను. కార్లో పడుకుని క్యూ కట్టాం. ఓపల్ గారూ, అక్కడ పళ్ళు పీకుతారు. పెట్టరు. చిగుళ్ళు మానాలి, కొలతలు తియ్యాలి. రెండు రోజుల్లో పళ్ళ సెట్టు రాదు."

గ్రిల్ మీద పొత్తు మాడుతోంది. డార్లా తిప్పలేదు.

"ముసలివాళ్ళకిచ్చే సర్కారు బీమా, ఆ మెడికేర్, పళ్ళకు పైసా ఇవ్వదే," అంది ఓపల్, కూతురితో. "మీ నాన్న ఆస్పత్రి బిల్లులతో బ్యాంకుల్లో నా పేరు ఎప్పుడో చెడింది. బోసినోటిదాన్ని కౌంటర్లో ఎవరు నిలబెడతారు? క్లినిక్‌లో కార్డు దరఖాస్తు నింపమని ట్యాబ్ చేతికిచ్చారు. నీ పేరు, నీ నంబరు కొట్టాను. నెలనెలా కట్టాను. తర్వాత బేకరీలో గంటలు తగ్గించారు. కార్డుకు కట్టాలా, నీ ఇంటికి దాచాలా అనుకున్నాను. ఇంటికే దాచాను."

నడీన్ కంప్లయింట్ కాగితం బల్ల మీద పెట్టింది. "సంతకం పెడితే కార్డు మీ రిపోర్టులోంచి పోతుంది. కేసు మీ అమ్మ మీదకు వస్తుంది."

ఓపల్ పక్కకు తిరిగి సెట్టు తీసింది. నాప్‌కిన్‌లో పెట్టి కూతురి ముందుకు జరిపింది. బుగ్గలు లోపలికి పోయాయి.

"పెట్టవే సంతకం."

రాయిస్ పాత అలవాటు కొద్దీ ఓపల్ కొరికిన పొత్తు అందుకుని చాకు విప్పాడు.

డార్లా కాగితాన్ని నడీన్ వైపు తోసింది. నాప్‌కిన్‌ను తల్లి వైపు తోసింది.

"సోమవారం బ్యాంకుకు నేనే ఫోన్ చేస్తాను, ఇల్లు వద్దని. పళ్ళు పెట్టుకో అమ్మా, పొత్తు చల్లారిపోతోంది. రాయిస్, నువ్వు ఆ చాకు మడిచెయ్యి."