దుబాసీ చెప్పిన మాట

ఉదయం ఆరింటికి ఆమె యూనిఫాం జేబుకి పేరు పట్టీ తగిలించుకుంటోంది. ఆయన ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండో కాలు వంక చూస్తూ మంచం అంచున కూర్చున్నాడు.

"గుండె బరువుగా ఉంది సిస్టరూ" అన్నాడు.

పెళ్ళాన్ని సిస్టరని పిలిచే మొగుడు ఈయనొక్కడేనని చుట్టాలంతా నవ్వేవారు. కొత్తలో ఆసుపత్రికి ఫోన్ చేసి అందరిలాగే "సిస్టర్‌ని పిలవండి" అనడం అలవాటై, ఆ పిలుపు నోట్లో ఉండిపోయింది.

"పదికి ఎంత?" అంది ఆమె, జుట్టు ముడేసుకుంటూ. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా చెప్పమని రోగుల్ని అడిగీ అడిగీ ఇంట్లోనూ అదే ప్రశ్న. తలనొప్పైనా, పంటినొప్పైనా ఆయన జవాబు మాత్రం ఒక్కటే.

"రెండు."

"రెండైతే లేవండి. బస్సు మీకోసం ఆగదు." బట్టల బుట్టలో చేతికందిన మేజోడొకటి తీసి ఆయన ఒళ్ళోకి విసిరింది.

ఈ దేశం వచ్చి పద్నాలుగు నెలలు. గుండె జబ్బుల వార్డులో ఆమెకి ఉద్యోగం దొరికితే, వీసా మీద ఆయనా, పదేళ్ళ కూతురూ వెంట వచ్చారు. అక్కడ ఆయన డ్రాయింగ్ మాస్టారు. వీధిలో నడిస్తే పిల్లలు సైకిళ్ళు దిగి నమస్కారం పెట్టేవారు. ఇక్కడ గోదాంలో అట్టపెట్టెలు అరల్లోకి ఎత్తుతాడు. అందుకే ఆయన గుండె బరువన్నప్పుడల్లా ఆమె చెవికి "నన్నెందుకు తీసుకొచ్చావు?" అన్నట్టే వినిపించేది. పాపం, ఆయన ఆ మాట ఏనాడూ అనలేదు.

పోయిన వారం డాక్టరు దగ్గరికీ వెళ్ళొచ్చాడు. ఆమెకి సెలవు దొరక్క బడి మాన్పించి కూతుర్ని తోడు పంపింది. ఇక్కడి భాష ఆ ఇంట్లో అందరికంటే బాగా వచ్చింది దానికే. కరెంటాఫీసుకైనా బ్యాంకుకైనా తండ్రి దాన్నే ముందు నడిపించి, "మా దుబాసీ వచ్చింది, దారివ్వండి" అనేవాడు. ఆ రోజు దుబాసీ ఇంటికొచ్చి చెప్పింది: "రోజూ నడవమన్నారు. నలుగురితో మాట్లాడమన్నారు."

"ఏ భాషలో మాట్లాడాలో చెప్పలేదు" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. డాక్టరిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోయింది.

"టాబ్లెట్టేమన్నా ఉందా?" అన్నాడు ఆయన ఇప్పుడు.

ఆమెకి ఒళ్ళు మండింది. "దిగులుకి టాబ్లెట్లు నా దగ్గర లేవు. నాకు మాత్రం లేదా బరువు? వార్డులో పన్నెండు గంటలు నిలబడి, ఇంటికొచ్చి మీ మొహం చూసి నిలబడి... మీ బరువు కూడా నేనే మొయ్యాలా?"

"నిన్నేమీ అనలేదే. బరువుగా ఉందన్నాను, అంతే."

"రోజూ అదేగా అంటున్నారు."

బడి సంచీ సర్దుకుంటున్న కూతురు తలెత్తి ఇద్దర్నీ చూసింది. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని, తలుపు కాస్త గట్టిగానే వేసుకుని వెళ్ళిపోయింది.

వార్డులో పెద్ద సిస్టర్ మాత్రలు లెక్కపెడుతోంది. ఈమె దగ్గర సరదాగా నేర్చుకుని "ఒకటి, రెండు, మూడు" అంటూ తెలుగులోనే లెక్కపెట్టేది. పదకొండింటికి నాలుగో మంచం ముసలాయన ఛాతీ బరువుగా ఉందన్నాడు. ఈ దేశపు భాషలో బరువంటే బరువే, దిగులు కాదు. ఆమె పరుగున వెళ్ళి, పది నిమిషాలు దాటకుండా ఈసీజీ తీసి డాక్టరు చేతిలో పెట్టింది. ఇలాంటి వాటిల్లో ఆమెకి మంచి పేరు.

ఆ కాగితం ఇంకా డాక్టరు చేతిలో ఉండగానే కింద నుంచి స్ట్రెచర్ వచ్చింది. గోదాంలో పడిపోయాడట. చుట్టూ మనుషులు, మొహాన మాస్కు. ఆమెకి ముందు కనిపించినవి పాదాలు. ఒక మేజోడు నల్లది. రెండోది బూడిద రంగుది.

ఆమె మంచం కమ్మీ పట్టుకుంది. పెద్ద సిస్టర్ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, "నువ్వు బయట కూర్చో. ఈ రోజు నువ్వు నర్సువి కాదు" అంది.

రెండు గంటల తర్వాత డాక్టరు వచ్చాడు. ప్రాణం దక్కింది. గుండె కండరంలో మూడో వంతు చచ్చిపోయింది, అది తిరిగి రాదు. ఇక జన్మలో బరువులెత్తకూడదు. "వారం కిందటే క్లినిక్‌కి వెళ్ళాడు కదా, ఈసీజీ ఎందుకు తియ్యలేదో" అంటూ కంప్యూటర్ తెర మీది కాగితం చూపించాడు. అదే, ఫ్రిజ్ మీద ఉన్నదే. ఆమె మొదటిసారి చదివింది. మనసు బాగాలేదు. ఇంటి మీద బెంగ. అనువదించినది: కూతురు.

బడి నుంచి పక్కింటావిడ పిల్లని తెచ్చి ఆసుపత్రిలో దింపింది. తల్లి దాన్ని జబ్బ పట్టుకుని గోడవారకి లాక్కెళ్ళింది.

"డాక్టరుతో ఏం చెప్పావు?"

"నాన్న చెప్పిందే చెప్పాను."

"ఏం చెప్పాడు?"

"గుండె బరువుగా ఉందన్నాడు. నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు అన్నాడు. నాన్నకి దిగులుగా ఉందని చెప్పాను."

"దిగులని ఎవరు చెప్పమన్నారే? గుండె అన్నాడు కదా, గుండె అని చెప్పలేవా?"

"ఆ మాటకి అర్థం నాకు తెలుసు. నువ్వు అమ్మమ్మతో ఫోన్లో అన్నావుగా, గుండె బరువుగా ఉందమ్మా అని. అని ఏడ్చావుగా. నీకు గుండె జబ్బు లేదు కదా. అందుకని దిగులన్నాను. తప్పు చెప్పానా అమ్మా?"

జబ్బ మీద ఆమె పట్టు దానంతటదే సడలింది. అక్కడే నేల మీద కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. యూనిఫాంలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి పెద్దగా ఏడ్చింది.

"నువ్వు తప్పు చెప్పలేదు తల్లీ. నీది అది తెలియాల్సిన వయసు కాదు. పొద్దున నేనూ అదే మాట విన్నాను. రోజూ విన్నాను. చెయ్యి పట్టుకుని నాడి చూడలేదు. మేజోడు విసిరాను."

"నాన్న చచ్చిపోతాడా?"

"లేదు" అంది. ఆ తర్వాత, దాని దగ్గర దాచడం ఇష్టం లేక, "కానీ మునుపటిలా ఉండడు" అంది.

సాయంత్రం ఇద్దర్నీ లోపలికి పంపారు. ఆయన మొహం మైనంలా ఉంది. కళ్ళు తెరిచి భార్యని చూసి, "పెట్టె పూర్తిగా ఎత్తలేకపోయాను సిస్టరూ" అన్నాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని నిలబడింది. అలవాటు కొద్దీ వేళ్ళు నాడి మీదికే పోయాయి.

పెద్ద సిస్టర్ చార్టు తీసుకొచ్చి, నొప్పి పదికి ఎంతో అడగమంది. ఆమె నోరు తెరిచింది. అంతలోనే ఆగి కూతురి వైపు చూసింది.

"నేనడుగుతాను" అంది కూతురు. తండ్రి మొహం మీదికి వంగి, ఎవరూ చెప్పని ప్రశ్న అడిగింది. "నాన్నా, ఇంకా బరువుగా ఉందా? నొప్పి బరువా, దిగులు బరువా?"

ఆయన కంటి కొస నుంచి నీరు చెవిలోకి జారింది.

"రెండూ" అన్నాడు.

పెద్ద సిస్టర్‌కి ఆ మాట తెలుసు. "రెండు" అని తనూ తెలుగులో అని, చార్టులో అంకె వెయ్యబోయింది.

పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది అంకె కాదు. నాన్నకి నొప్పీ ఉంది, దిగులూ ఉంది. రెండూ ఉన్నాయంటున్నాడు."

పెద్ద సిస్టర్ కలం ఆపి, నిజమేనా అన్నట్టు తల్లి వైపు చూసింది. ఆమె కళ్ళు తుడుచుకుని, భర్త మణికట్టు వదలకుండానే తలూపింది.

"మా దుబాసీ ఎలా చెబితే అలా రాయండి" అంది.