ఒకే వాక్యం ఉన్న తండ్రి

చిన్నమ్మాయి బట్టలు సంచిలో సర్దిన తల్లి, తువ్వాలు పెట్టానో లేదో అనుకుంటూ అన్నీ మళ్లీ బయటికి తీసింది. అలా తీయడం అది మూడోసారి. జిప్పు వేసేస్తే పిల్ల నిజంగానే వెళ్లిపోతుందేమోనని ఆవిడ భయం.

"వేసెయ్యమ్మా. ఇవాళ క్లాసు చూశాక హెడ్ మేడం వద్దందంటే సాయంత్రం బస్సుకే వెళ్లిపోతా. పట్నంలో ఒక బడివాళ్లు నా పద్ధతిలో చెప్పుకోనిస్తామన్నారు."

చిన్నమ్మాయి తొమ్మిదో తరగతికి సాహిత్యం చెబుతుంది. పాఠాన్ని భాగాలు చేసి పిల్లల గుంపులకు పంచుతుంది. ఒక్కో గుంపు తన భాగాన్ని ఆడి చూపించాలి. ఆ తర్వాత పాత్ర వేసినవాళ్లు ముందున్న కుర్చీలో కూర్చుంటే మిగతావాళ్లు ప్రశ్నలు అడుగుతారు. కుర్చీలో ఉన్నంతసేపూ "నేను" అంటూనే జవాబు చెప్పాలి. "అతడు", "ఆమె" అనకూడదు.

ఈ పద్ధతి మీద ఫిర్యాదు రాసింది సొంత తండ్రే. అదే బడిలో ముప్ఫై ఏళ్లు అవే పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారాయన.

మాస్టారు గదిలోకి వచ్చి సంచి వంక చూశాడు. "ఏమిటీ బెదిరింపు?"

"బెదిరింపేం కాదు నాన్నా. మీరు ఫిర్యాదు రాశారు, నేను బట్టలు సర్దుకున్నాను. ఎవరి పని వాళ్లం చేశాం."

"పాఠమంటే చదవాలి, అర్థం చెప్పాలి, నోట్సు రాయించాలి. ఆ గెంతులేమిటి? ఈ ఇంట్లోంచి ఒకత్తి వేషాలకని పోయింది చాలదూ?"

పెద్దమ్మాయి నాటక సమాజంలో చేరతానంటే ఆయన ససేమిరా అన్నాడు. వెళ్లే రోజు పొద్దున ఆమె వరండాలో నిలబడి "వెళ్లొస్తాను నాన్నా" అంటే, లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజు ఆమె సంచి సర్దిందీ తల్లే.

తల్లి చేతిలోని రవిక పక్కన పడేసింది. "నేనూ బడికి వస్తాను."

"నీకెందుకే?"

"కూతుళ్ల పక్కన కూర్చుని వాళ్ల వాచకాల్లోనే అక్షరాలు నేర్చుకున్నదాన్ని. క్లాసులో ఒక్కరోజూ కూర్చోలేదు. ఇవాళ కూర్చుంటాను, మీరు కాదన్నా సరే!"

"మీరు కాదన్నా" అనే మాట వాళ్ల కాపురంలో వినపడడం అదే మొదటిసారి. మాస్టారు చెప్పులేసుకుని ముందు నడిచాడు.

క్లాసులో వెనక బెంచీ మీద హెడ్ మేడం, మాస్టారు, తల్లి వరసగా కూర్చున్నారు. హెడ్ మేడం ఒకప్పుడు ఆయన శిష్యురాలే. ఫిర్యాదు కాగితం ఆమె ఒళ్లో ఉంది. ఆ రోజు పాఠం పడవెక్కి దూరానికి పనికి వెళ్లిపోయే కూతురి కథ. మొదటి గుంపు బెంచీని పడవ చేసి, స్కేళ్లతో తెడ్లు వేసింది. అంతలో ఒకడు నిజంగానే జారి కిందపడ్డాడు.

"మునిగిపోయాడ్రోయ్!" ఎవరో అరిచారు.

హెడ్ మేడం నవ్వాపుకుంది. మాస్టారు ఇదే కదా నేను చెప్పింది అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

మూడో గుంపు నాయకురాలిని క్లాసంతా లాయరమ్మ అంటారు. ఆ పిల్ల లేచింది. "టీచర్, మా గుంపులో తండ్రి వేషం ఎవరూ వెయ్యనంటున్నారు. ఆయనకి ఉన్నదే ఒక్క వాక్యం. 'తండ్రి బయటికి రాలేదు.' అంతే. ఏం ఆడతాం?"

"నేనంటున్నదీ అదే!" మాస్టారు లేచి నిలబడ్డాడు. "ముప్ఫై ఏళ్లు చెప్పాను ఈ పాఠం. అందులో ఆడ్డానికేముంది?"

"అంత బాగా తెలిస్తే మీరే కుర్చీలో కూర్చోండి తాతగారూ," అంది లాయరమ్మ.

క్లాసు గొల్లుమంది. చిన్నమ్మాయి వారించబోయింది కానీ, పిల్లల ముందు వెనక్కి తగ్గడం ఆయన వల్ల అయ్యే పని కాదు. విసవిసా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"మీరు బయటికెందుకు రాలేదు?" అడిగింది లాయరమ్మ.

"ఇక్కడ రచయిత ఉద్దేశం ఏమిటంటే, ఆ తండ్రి కఠినుడు. అతడు..."

"'అతడు' కాదు తాతగారూ. 'నేను' అనాలి."

"నేను..." ఆయన తడబడ్డాడు. "నేను పనిలో ఉన్నాను."

"కూతురు వెళ్లిపోతోంటే అంతకన్నా పెద్ద పనేంటి?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. గంట దగ్గర ప్యూను దగ్గాడు.

"పనేం లేదు," అన్నాడు చివరికి. "వెళ్లొద్దని అడుగుదామనే లేచాను. అడిగినా ఆగదేమోనని మళ్లీ కూర్చున్నాను."

వెనక బెంచీలో తల్లి చెయ్యెత్తింది, అచ్చం పిల్లలు ఎత్తినట్టే.

"నేనూ అడగొచ్చా టీచర్?"

చిన్నమ్మాయి తలూపింది.

"తను నాలుగు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు ఎందుకు రాయలేదు? నన్నెందుకు రాయనివ్వలేదు?"

ముందు బెంచీ పిల్ల ఒకతి వాచకం తిరగేసి "ఉత్తరాలు లేవే ఇందులో" అని గొణిగింది. లాయరమ్మ మోచేత్తో పొడిచింది.

"రాస్తే ఓడిపోయినట్టవుతుందనుకున్నాను," అన్నాడు మాస్టారు. అని కళ్లజోడు తీసి, చిన్నమ్మాయి వైపు చూశాడు. "తప్పు చేశాను. మళ్లీ అదే చెయ్యబోయాను."

చిన్నమ్మాయి బోర్డు వైపు తిరిగి, చేతిలో సుద్దముక్క ఉన్నా ఏమీ రాయకుండా నిలబడిపోయింది.

ఆయన కుర్చీలోంచి లేచి హెడ్ మేడం దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు. "ఆ కాగితం ఇలా ఇచ్చెయ్యమ్మా. రాసినవాడికి పాఠం సరిగ్గా రాలేదు."

సాయంత్రం తల్లి సంచి విప్పింది. తువ్వాలు అడుగునే ఉంది. ముందు గదిలో మాస్టారు పెద్దమ్మాయికి ఉత్తరం రాసి, చిరునామా అడిగాడు. నాలుగో ఉత్తరం మీది చిరునామా ఆవిడకి కంఠతా. గడగడా చెప్పేసింది. మూడు వారాలకి ఆ ఉత్తరం, ఆ పేరు గలవారు ఇక్కడ లేరన్న ముద్రతో తిరిగొచ్చింది.

పెద్దమ్మాయి ఇల్లు విడిచింది పందొమ్మిదేళ్ల కిందట, జూన్ నెల రెండో సోమవారం, పొద్దున ఎనిమిది గంటలకు. మళ్లీ రాలేదు.