బజ్జీల కాగితంలో వరద

గోవర్ధన్ సార్ సంచి ఒక్కటే. సర్దేవాళ్ళు మాత్రం ఇంటినిండా ఉన్నారు.

"తువ్వాల పెట్టిన్రా సార్?" అని అడిగింది చంద్రకళ.

"పెట్టిన."

"సబ్బు?"

"పెట్టిన తల్లీ."

"గొడుగు?"

"నేను పోయేది మహబూబ్‌నగర్‌కు. అడవికి కాదు" అని నవ్వారు సార్.

సార్ చంద్రకళ వాళ్ళ ఇంట్లోనే ముందుగదిలో అద్దెకు ఉంటారు. చంద్రకళ వాళ్ళమ్మ శారదమ్మ జొన్నరొట్టెలు గుడ్డలో మూటకట్టి తెచ్చింది. "ఆడ తిండి ఎట్లుంటదో ఏమో సారూ. ఇవి సల్లారినా బాగుంటయి" అంటూ సంచిలోకి కూరింది.

అంజన్న సంచి మీద కూర్చుని జిప్పు లాగుతున్నాడు. చంద్రకళా, అతనూ ఏడో తరగతి. "సార్, మీరు ఏం నేర్చుకునేటందుకు పోతున్నరు?"

"పేపరు, రేడియో, టీవీ ఉన్నయి గద. వాటిల వచ్చేదాన్ని ఎట్ల అర్థం చేసుకోవాల్నో పిల్లలకు ఎట్ల చెప్పాలె అని టీచర్లకు వారం దినాలు శిక్షణ ఇస్తరట."

"టీవీ సూసుడు గూడ నేర్పుతరా? మాకు నేర్పకున్నా వస్తది గద సార్!"

అందరూ నవ్వారు. చంద్రకళ నవ్వలేదు. సంచి పట్టీని వదలకుండా పట్టుకుంది.

"మళ్ళ వస్తరు గద సార్?"

"వారంల వస్త. అందాక గోడబోర్డు నీది."

చంద్రకళ కళ్ళు మెరిశాయి. బడి వరండాలో, రోడ్డు వైపు ఒక నల్లబోర్డు ఉంది. రోజూ పొద్దున రేడియో వార్తలు విని సార్ దాని మీద నాలుగు ముక్కలు రాసేవారు. మగ్గాల దగ్గరికి పోయేవాళ్ళు, పొలానికి పోయేవాళ్ళు ఒక నిమిషం ఆగి చదివేవారు. చదవడం రానివాళ్ళు పిల్లలతో చదివించుకునేవారు. గద్వాలకు కొంత దూరంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి పేపరు వచ్చేది కాదు. ఆ బోర్డే వాళ్ళకు పేపరు.

బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆ దుమ్ము అణిగేదాకా చంద్రకళ రోడ్డు మీదే నిలబడింది.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. చంద్రకళ రేడియో విని, వర్షం గురించి ఒకటి, నూలు ధర గురించి ఒకటి రాసింది. మూడో రోజుకు ఎవరూ ఆగడం లేదు.

"నీ వార్తలు బర్రెలు గూడ సదువుతలేవు. సార్ రాస్తే అందరు సదువుతుండ్రి" అన్నాడు అంజన్న.

"సూస్త ఉండు. రేపు ఊరంత నిలబడి సదువుతది" అంది చంద్రకళ రోషంగా.

శుక్రవారం సాయంత్రం ఆమె రుక్కమ్మ అవ్వ దగ్గర మిరపకాయ బజ్జీలు కొన్నది. అవ్వ వాటిని గద్వాల నుంచి తెచ్చుకున్న పేపరు ముక్కలో చుట్టి ఇచ్చింది. రెండో బజ్జీ తింటుండగా నూనె మరకల మధ్య పెద్ద అక్షరాలు కనిపించాయి.

"కృష్ణకు భారీ వరద. ఒడ్డున ఉన్న ఇళ్ళు ఖాళీ చేయాలని హెచ్చరిక."

ఆ కింద అంతా చిరిగిపోయింది.

చంద్రకళ బజ్జీ అక్కడే పడేసి బడికి పరుగెత్తింది. ఎర్రచాక్‌పీసుతో బోర్డు నిండా రాసింది. రాశాక ఇంకో మాట కలిపింది: "ఈ రాత్రికే నీళ్ళు వస్తాయి!" కాగితంలో ఆ మాట లేదు. కానీ ఖాళీ చేయమన్నారంటే తొందరగానే వస్తాయి కదా అనుకుంది.

ఈసారి అందరూ ఆగారు.

కాసేపటికి ఊరు ఊరంతా కదిలింది. పెంటమ్మ కోళ్ళగంప నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. భీమయ్య మేకల తాళ్ళు విప్పితే అవి తలా ఒక దిక్కు పరుగెత్తాయి. రుక్కమ్మ అవ్వ బజ్జీల మూకుడు చంకన పెట్టుకుని బడి మెట్లెక్కింది. తన కాగితమే తనను తరుముతోందని ఆమెకు తెలియదు.

బాలకిష్టయ్య మాత్రం చంద్రకళ దగ్గరికి వచ్చాడు. ఆయన చీరలు నేస్తాడు. వాళ్ళ ఇల్లు ఊళ్ళో అన్నిటికన్నా నదికి దగ్గర.

"బిడ్డా, నిజంగ పేపర్ల పడ్డదా?"

"పడ్డది మామా. నేనే సదివిన."

"పేపర్ల పడ్డంక ఇగ అనుమానమేంది?" అంటూ ఆయన ఇంటికి పరుగుతీశాడు. చంద్రకళ కూడా వెనకే వెళ్ళింది.

బాలకిష్టయ్య మగ్గం గుంతమగ్గం. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తాడు. వరద వస్తే ముందు నిండేది ఆ గుంతే. మగ్గం మీద ఆకుపచ్చ చీర ఒకటి ఉంది. ఇన్నేళ్ళూ ఆయన నేసినవన్నీ గద్వాల సేట్లకే పోయాయి. ఈ ఒక్కటి మాత్రం బతుకమ్మ పండుగకని భార్య తిరుపతమ్మ కోసం మొదలుపెట్టాడు. నూలు చీరంతా అయిపోయింది. పట్టు కొంగు ఒక్కటే మిగిలింది.

ఆయన కత్తెర తీశాడు.

"జర ఆగు! నది దిక్కు ఎవరన్న పోయి సూసి రానియ్యి" అంది తిరుపతమ్మ.

"మునుపు గట్లనే ఆగితిమి. గుంత నిండె, చీర రంగంత దిగిపాయె. మగ్గాన్ని ఎట్లాగు లేపలేం. చీరనన్న దక్కనియ్యి."

కత్తెర కరకరమంది. తొందరలో ఆయన పోగులను నేతకు మరీ దగ్గరగా కోశాడు. పచ్చని చీర ఆయన చేతుల్లోకి జారింది.

అప్పుడే సాయన్న నది నుంచి వల భుజాన వేసుకుని వస్తూ కనిపించాడు. వీధిలో మూటలు, మేకలు, మంచాలు చూసి ఆగిపోయాడు.

"ఏంది గిదంత? ఎవరిదన్న పెండ్లా?"

"వరద వస్తున్నది, ఉరుకు!" అని అరిచింది పెంటమ్మ.

"వరదనా? నేను నదిలకెల్లే వస్తున్న. మోకాలు గూడ తడవలే!"

పెంటమ్మ కోళ్ళగంప కిందికి దించింది. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వీధి చివరిదాకా పాకింది. బాలకిష్టయ్య ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

చంద్రకళ చీకటి పడకముందే బడికి వెళ్ళి బోర్డు శుభ్రంగా తుడిచేసింది.

"తుడిస్తే అయిపాయెనా? కోసింది అతుకుతదా?" అన్నాడు వెనక నుంచి అంజన్న.

సార్ ఆదివారం రాత్రి వచ్చారు. సోమవారం పొద్దున చంద్రకళకు కడుపునొప్పి వచ్చింది. కానీ సార్ ఇంట్లోనే ఉంటే కడుపునొప్పి ఎంతసేపు నిలుస్తుంది? సార్ గడపలో నిలబడి, "నడువు, ఇద్దరం కలిసే పోదాం" అన్నారు.

తరగతిలో సార్ ఎవరినీ తిట్టలేదు. బోర్డు మధ్యలో ఒక గీత గీశారు. ఒక వైపు 'చూసింది' అని, ఇంకో వైపు 'విన్నది' అని రాశారు.

"శుక్రవారం వరద గురించి ఏమేం అన్నరు? ఒక్కొక్కరు చెప్పుండ్రి."

చేతులు లేచాయి. "నీళ్ళు వాగు దాటినయట సార్!" అంది ఒక పిల్ల. "రెండు బర్రెలు కొట్టుకపోయినయి సార్!" అన్నాడు ఇంకొకడు.

"నువ్వు సూసినవా?"

"లేదు సార్. మా చిన్నమ్మ చెప్పింది."

"మీ చిన్నమ్మ సూసిందా?"

"ఆమెకు పెంటమ్మత్త చెప్పిందట."

'విన్నది' వైపు బోర్డు నిండిపోయింది. 'చూసింది' వైపు ఒక్క ముక్క లేదు. పిల్లలు ముందు నవ్వారు. తర్వాత ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయారు.

చంద్రకళ లేచి నూనె కాగితాన్ని సార్ చేతికి ఇచ్చింది. "నేను దీంట్ల సదివిన సార్."

సార్ ఆ కాగితాన్ని తిప్పి అంజన్నకు ఇచ్చారు. "ఎనక ఏముందో సదువు."

"దీపావళి టపాసులు. రండి, కొనండి. నేటి నుంచి..." అంజన్న చదవడం ఆపేశాడు. "సార్! దసరానే రాలే. దీపావళి ఎక్కడిది?"

"మరి?"

"గిది నిరుటి పేపరు సార్!"

చంద్రకళ తల వంచుకుంది. కాగితాన్ని ఒక్కసారి తిప్పి చూసి ఉంటే చాలు.

"తప్పు నీ ఒక్కదానిదే కాదు బిడ్డా" అన్నారు సార్ మెల్లగా. "నీకు బోర్డు ఇచ్చిన గని, ఎట్ల రాయాల్నో చెప్పకపోతి. పేపర్ల పడ్డదంత నిజమే అని మొన్నటిదాంక నేను గూడ అనుకున్న. నాకు నేర్పిందే మొన్న."

శిక్షణ నుంచి ఆయన తెచ్చింది పాత పేపర్ల కట్ట ఒక్కటే. దాన్ని విప్పి బెంచీకి ఒకటి పంచారు. తేదీ ఎక్కడుంది? ఈ మాట ఎవరు చెప్పారు? చెప్పినవాళ్ళు చూశారా? ఇది వార్తా, ఏదైనా అమ్మడానికి వేసిన ప్రకటనా? పిల్లలు పేపర్ల మీద పడి వెతికారు. ఒక సబ్బు ప్రకటనను అంజన్న వార్త అనుకుని ఎంతో గంభీరంగా చదివాడు. తరగతి గొల్లుమంది.

గంట కొట్టాక చంద్రకళ ఒక్కతే వరండాలోకి వెళ్ళింది. తాను తుడిచేసిన బోర్డు మీద మళ్ళీ రాసింది.

"శుక్రవారం రాసిన వరద వార్త తప్పు. అది నిరుటి పేపరు. 'ఈ రాత్రికే' అన్న మాట అందులో లేదు. నేనే కలిపాను. చంద్రకళ, ఏడో తరగతి."

దారినపోయేవాళ్ళు ఆగి చదివారు. ఆమె అక్కడ నుంచి కదలలేదు. చదవడం రాని రుక్కమ్మ అవ్వకు తానే చదివి వినిపించింది.

"నా కాగితమేనా పోరీ! ఎంత పని జేసె!" అని అవ్వ బుగ్గలు నొక్కుకుంది.

అక్కడి నుంచి చంద్రకళ బాలకిష్టయ్య ఇంటికి వెళ్ళింది.

"మామా, తప్పు నాది."

ఆయన తెగిన పోగులను వేళ్ళతో సరిచేశాడు. "సదివింది నువ్వు. కోసింది నేను. కత్తెర నీ చేతుల లేకుండె."

గద్వాల చీరకు పట్టు కొంగు పెట్టాలంటే నూలు పోగు కొసకు పట్టు పోగును కలిపి, ఒక్కొక్కటే మెలివేసి అతకాలి. దానికోసం చివర జానెడు పోగులు వదులుతారు. ఇప్పుడు వేలెడు కూడా మిగల్లేదు. ఆయన మోటు వేళ్ళకు అవి చిక్కడం లేదు.

చంద్రకళ తన చేతులు చూపించింది. "నా ఏళ్ళు సన్నగుంటయి మామా. నేను అతకనా?"

తిరుపతమ్మకు అప్పుడు నవ్వు వచ్చింది. "పిట్ట కాళ్ళ లెక్కున్నయి. రా, కూసో. ముందుగాల బూడిద అద్దుకో, పోగు జారదు."

ఆ రోజు నుంచి బడి వదలగానే చంద్రకళ అక్కడికే వెళ్ళేది. బూడిద అద్దుకోవడం, పోగు పట్టుకోవడం, మెలివేయడం. మెడ నొప్పి పుట్టేది. తిరుపతమ్మ మధ్యమధ్యలో పల్లీలు నోట్లో పెట్టేది. ఒక రోజు అంజన్న కూడా వచ్చాడు. బూడిద ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మాడు. అతికిన పోగులు కొన్ని ఊడిపోయాయి. అతన్ని గడప అవతల కూర్చోబెట్టారు. అక్కడి నుంచే రోజూ బోర్డు మీది వార్తలు చదివి వినిపించేవాడు. తేదీతో సహా.

సద్దుల బతుకమ్మ నాడు తిరుపతమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. పట్టు కొంగు ఎర్రగా మెరిసింది. దగ్గరికి వెళ్ళి చూస్తే అతుకు దగ్గర కొంచెం మందంగా కనబడుతుంది.

"గిదేంది వదినా?" అని ఎవరో అడిగారు.

"మా చంద్రకళ తెచ్చిన వరద. గీడిదాంకనే వచ్చి ఆగింది" అని తిరుపతమ్మ నవ్వింది. చంద్రకళ సిగ్గుపడి ఆమె కొంగు చాటునే దాక్కుంది.

ఆ పండుగ సెలవుల్లో సార్ చంద్రకళను ఒక మాట అడిగారు. "మళ్ళ శిక్షణకు పిలిచిన్రు. ఆడ మిగతా టీచర్లకు మన వరద ముచ్చట చెప్పొచ్చునా బిడ్డా? నీ పేరు చెప్పనులే."

"చెప్పుండ్రి సార్. పేరు గూడ చెప్పుండ్రి" అంది చంద్రకళ.

సార్ చెప్పారు. శిక్షణ ఇచ్చే పెద్దసార్లకు అది బాగా నచ్చింది. నాగర్‌కర్నూల్ వైపు బడుల్లోని టీచర్లకు ఇదంతా నేర్పాలని గోవర్ధన్ సార్‌ను పిలిపించుకున్నారు. ఈసారి కూడా కొన్ని రోజులకే అనుకున్నారు అందరూ.

రోజులు గడిచాయి. ముందుగది తలుపు మూసే ఉంది.

"పరీక్షల ముందల సార్ వస్తడట" అన్నాడు ఒక రోజు అంజన్న.

"ఎవరు చెప్పిన్రు?"

"అందరు అంటున్నరు."

చంద్రకళకు ఆ మాట ఎంతో నచ్చింది. చాక్‌పీసు తీసి బోర్డు మీద "గోవర్ధన్ సార్ త్వరలో" అని రాసింది. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. చాక్‌పీసు అంజన్నకు ఇచ్చి, హెడ్మాస్టర్ వెంకట్రాములు సార్ గదిలోకి వెళ్ళింది.

"సార్, గోవర్ధన్ సార్ మళ్ళ ఎప్పుడొస్తరు?"

హెడ్మాస్టర్ కళ్ళద్దాలు తీశారు. "రారు బిడ్డా. ఆయన కొలువు ఆడికే మారింది. నిన్ననే ఆర్డరు వచ్చింది. ఇగో, సూడు. ఆయన జాగల కొత్త సార్ వస్తున్నరు."

చంద్రకళ ఆ కాగితం చదివింది. కింద సంతకం చూసింది. పైన తేదీ చూసింది.

బయటికి వచ్చి 'త్వరలో' అన్న మాట తుడిచింది. దాని చోట ఇలా రాసింది.

"గోవర్ధన్ సార్ నాగర్‌కర్నూల్‌లో టీచర్లకు పాఠం చెప్తున్నారు. మన బడికి ఇక రారు. చెప్పింది హెడ్మాస్టర్ గారు. ఆర్డరు నేను చూశాను."

అంజన్న దాన్ని రెండుసార్లు చదివాడు. కింద ఆ రోజు తేదీ వేశాడు.

గోవర్ధన్ సార్ 1991 నవంబరులో వెళ్ళారు. మళ్ళీ ఆ బడికి రాలేదు.