యోనా వ్యానులో ఆవిడ

బ్లాంచర్డ్స్‌టౌన్ సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. అద్దానికి పట్టిన ఆవిరిని చేత్తో తుడిచి బయటికి చూసిన డెబోరా, అలాగే ఉండిపోయింది.

పక్కనే వానలో యోనా డెలివరీ వ్యాను. అతని పక్కసీట్లో ఒకావిడ. తలమీద ముసుగు, ఒంటిమీద సీటుబెల్టు. యోనా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. మధ్యమధ్యలో నవ్వుతున్నాడు.

కిందటి ఆదివారం చర్చి అయ్యాక, పెళ్లి చేసుకుంటారా అని తనను అడిగిన మనిషి ఇతనే! వచ్చే ఆదివారం చెబుతానంది కానీ, ఆలోచించుకోవడానికి ఆమెకేమీ మిగల్లేదు. హాస్పిటల్లో పేషెంట్లకు బీపీ చూస్తూ కూడా తనలో తనే నవ్వుకుంటోంది. ఇంతలో ఇదొకటి.

ఆ సాయంత్రం యోనా ఫోన్ చేస్తే ఎత్తలేదు. బాగున్నారా అని మెసేజ్ పెడితే, ఇక్కడివాళ్లు 'పర్లేదు' అనడానికి వాడే 'గ్రాండ్' అన్న ఒక్క ముక్క కొట్టి ఊరుకుంది. అతను మురిసిపోయి మూడు పువ్వుల బొమ్మలు పంపాడు. డెబోరాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం, ఆమె అద్దెకుంటున్న ఇంటి ఓనరు సంతోషకుమారి ఆంటీ, క్లాండాల్కిన్‌లో చెక్క శిల్పాల ఎగ్జిబిషన్ ఉందని బలవంతంగా లాక్కెళ్లింది. మెక్సికో శిల్పి ఒకామె తమ దేశపు దేవతలనూ, చరిత్రలో పేరున్న ఆడవాళ్లనూ చెక్కిందట. చంద్రదేవత, పూలదేవత... వాళ్ల పక్కన ముసుగు కప్పుకుని, గడ్డం పైకెత్తి, ఆవిడ!

డెబోరా నెమ్మదిగా ఆ భుజాన్ని తాకింది. నున్నటి చెక్క.

"ముట్టుకోకూడదండి."

వెనక యోనా. శిల్పాలను వ్యానులో హాలుకు చేర్చింది అతనే.

"ఈవిడెవరు?" అంది, గొంతు గట్టిచేసుకుని.

పేరు జోసెఫా అని చెప్పాడు. స్వాతంత్ర్యం కోసం రహస్యంగా పనిచేసిందట. గుట్టు బయటపడి భర్త గదిలో పెట్టి తాళం వేస్తే, కాలి మడమతో నేలను తన్ని కింద ఉన్న మనిషిని పిలిచి, తనవాళ్లకు కబురు పంపిందట.

"మరి వ్యానులో ఆవిడతో మీకేం కబుర్లు?"

యోనాకు అప్పుడు అర్థమైంది, ఆ 'గ్రాండ్' సంగతి. వెనక దేవతలతో నిండిపోయి ఈవిడకు చోటు చాల్లేదనీ, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు తూలుతుంటే పట్టుకున్నాననీ గబగబా చెప్పుకొచ్చాడు.

"పట్టుకుంటే పట్టుకున్నారు. ఆ నవ్వులేంటి?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "రేపు మీరు కాదంటే ఏడవకుండా ఎలా నవ్వాలో, ఆవిడ ముందు ప్రాక్టీసు చేశానండి."

డెబోరా పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. ఆ నవ్వుకు హాలంతా ఇటు తిరిగింది. ఆంటీ అయితే కళ్లజోడు సర్దుకుని మరీ చూసింది.

"ఇప్పుడే మా డాడీకి ఫోన్ చెయ్యి," అంది డెబోరా, కళ్లు తుడుచుకుంటూ. "కాకినాడలో ఇంకా పడుకుని ఉండరు."

యోనా ఫోన్ తియ్యలేదు. 'చెయ్యండి' కాదు, 'చెయ్యి' అంది. అతని చెవులు అక్కడే ఆగిపోయాయి.

"మళ్లీ ఒక్కసారి అనవూ?" అన్నాడు.