పదకొండింటికి అత్తగారు

"పదకొండింటికి అత్తగారు లోపలికి. కోడలు బయటికి."

డైరెక్టర్ ఆ కాగితాన్ని బల్ల మీదుగా ముందుకు తోశాడు. అప్పుడు ఉదయం తొమ్మిదీ పది.

"విదేశీ ముఠా మెసేజ్. అత్తగారు, కోడలు అనే మాటలు మూడు వారాల నుంచీ వినపడుతున్నాయి. టైమ్ ఇచ్చింది ఈ రోజే."

"మూడు వారాలు ఏం వెలగబెట్టారు?" అన్నాడు ఏజెంట్. ఆఫీసులో అందరూ అతన్ని చిటపట అంటారు. అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు.

కోడ్ సెక్షన్ హెడ్ గొంతు సవరించుకున్నాడు. "నెమలి అత్తగారిని ఫాలో అయ్యాం. మహా గడుసు మనిషి. రోజూ మార్కెట్‌కి వెళ్తుంది. టమాటాలన్నీ తిరగేసి చూస్తుంది, ఒక్కటీ కొనదు. అదేదో సిగ్నల్ అనుకున్నాం."

నెమలి అంటే ఆస్పత్రి ల్యాబ్‌కి ఏజెన్సీయే పంపిన సెక్యూరిటీ ఆఫీసర్. సోకులమారి. జీతం ఇక్కడ, విధేయత అక్కడ అని కొత్తగా తేలింది.

చిటపట కుర్చీలోంచి లేచాడు. "బుద్ధుందా మీకు? అది మనిషి కాదు! ఆర్‌ఎన్‌ఏ!"

అతనికి తెలియకేం! ఆ ల్యాబ్ ట్రయల్‌లో మొదటి పేషెంట్ అతని అక్కే. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, అయోర్టా, ఆవిడ పొట్టలో ఆరు సెంటీమీటర్లు ఉబ్బింది. పగిలితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆపరేషన్‌ని ఊపిరితిత్తులు తట్టుకోవు. ఆ రక్తనాళం గోడని బాగుచెయ్యడానికి వెళ్ళిన మాక్రోఫేజులు, అంటే ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూన్ కణాలు, అక్కడే తిష్ఠ వేసి ఆ గోడనే తినేస్తున్నాయి. వాటిని ఉసిగొల్పేది ఒక నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ. తాను ఒక్క ప్రోటీనైనా తయారుచెయ్యదు, కూర్చున్నచోటు నుంచి కదలకుండా అందరికీ ఆర్డర్లు వేస్తుంది. అందుకని ల్యాబ్‌లో దానికి అత్తగారు అని పేరు పెట్టుకున్నారు. దాని నోరు మూయించే మందు పేరు కోడలు. ఈ ముద్దుపేర్లు చెప్పి అక్క వారం రోజులు పడీపడీ నవ్వింది.

ఆవిడకి మొదటి డోసు ఇవాళ పదకొండింటికే. అంటే ఆవిడ నరంలోకి మందుకి బదులు అసలు రోగకారణాన్నే ఎక్కిస్తారు. ఆవిడ పోతుంది. ట్రయల్ మూతపడుతుంది. అసలు మందు ముఠా చేతికి చిక్కి, పరాయి దేశంలో వాళ్ళ సొంత ఆవిష్కరణ అయిపోతుంది.

అంతా విని డైరెక్టర్ తల పంకించాడు. "మంచిది. మందు సీసా మారనివ్వు. ఆస్పత్రి లాబీలో పూలగుత్తి అని ఇంకో మెసేజ్ ఉంది. నెమలి అసలు సీసాని ఆ పూలగుత్తి పట్టుకున్నవాడికే ఇస్తుంది. నాకు వాడు కావాలి."

"మరి పేషెంట్?"

"ఒక్క మనిషి. ఇంత పెద్ద ఆపరేషన్‌లో..."

"ఆ ఒక్క మనిషి మా అక్క!"

డైరెక్టర్ ఆశ్చర్యపోలేదు. కళ్ళు దించుకున్నాడు, అంతే. అతనికి ముందే తెలుసన్నమాట. చిటపటకి ఒళ్ళు భగ్గున మండింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ముందు నెమలి చెవినే పడుతుంది. తానే బయల్దేరాడు.

పది యాభై నాలుగు. ఆస్పత్రి నాలుగో అంతస్తు. లిఫ్ట్ ముందు ఖాకీ చొక్కాలో మెకానిక్ ఒకడు స్పానర్ తిప్పుతున్నాడు. ఆ స్పానర్ పిడిలో రిమోట్ ఉంది. ల్యాబ్‌లోంచి ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో చిన్న ఐస్ బాక్స్‌తో నెమలి వచ్చింది.

"లిఫ్ట్ పనిచేస్తోందా?"

"భేషుగ్గా, మేడమ్."

తలుపులు మూసుకున్నాయి. చెవిలో డైరెక్టర్ గొంతు వినిపించింది. "పోనివ్వు. లాబీలో వాడు ఎదురుచూస్తున్నాడు. ఇది ఆర్డర్."

కూర్చున్నచోటు నుంచి ఇంకో ఆర్డర్! చిటపట ఇయర్‌పీస్ పీకి చెత్తబుట్టలో పారేసి, రిమోట్ నొక్కాడు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్ట్ ఆగిపోయింది. లోపలి నుంచి నెమలి తిట్లు లంకించుకుంది. అవి వినే తీరిక అతనికి లేదు, మెట్లు మూడేసి చొప్పున ఎక్కుతున్నాడు.

ఐదో అంతస్తు గదిలో నర్సు అప్పటికే సిరంజిని సెలైన్ ట్యూబ్‌కి బిగించింది. బొటనవేలు ప్లంజర్ మీద పెట్టింది. చిటపట ఒక్క దూకు దూకి ట్యూబ్‌ని మడిచి పిడికిట్లో బిగించాడు.

"ఆపండి! అది కోడలు కాదు, అత్తగారు!"

నర్సు కొయ్యబారిపోయింది. ట్రయల్ నడిపే డాక్టరమ్మ పరుగున వచ్చి సిరంజి చూసింది. ఒక్క చుక్కా తగ్గలేదు. సీసా లేబుల్ చూసేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది. "ఈ రాత నాది కాదు. ఎవరు చేశారీ పని?"

"మీ లిఫ్ట్‌లో ఉంది. వెళ్ళి అడగండి."

"ఎందుకురా ఆ కేకలు?" అంది అక్క మంచం మీంచి. "చిన్నప్పుడూ ఇంతే వీడు."

చిటపట మాత్రం మడిచిన ట్యూబ్‌ని వదలమని నర్సు రెండుసార్లు చెబితేగాని వదల్లేదు.

గార్డులు లిఫ్ట్ తెరిచి నెమలిని పట్టుకున్నారు. ఐస్ బాక్స్ చల్లదనం తగ్గలేదు. అందులోని మందుని పరీక్షించి మూడు రోజుల తర్వాత తన చేత్తోనే ఎక్కిస్తానంది డాక్టరమ్మ. పూలగుత్తి మాత్రం లాబీ కుర్చీలో మిగిలింది, మనిషి లేడు.

డైరెక్టర్ ఫోన్ చేసి అరవడం మొదలెట్టేసరికి నర్సు అక్కకి బీపీ చూసింది. నూట ఇరవై ఎనిమిది. చిటపట వాలకం చూసి పట్టీ అతని చేతికి చుట్టింది. నూట తొంభై!

"ముందు మీరు పడుకోండి," అని పక్క మంచం చూపించింది. "కోపం అస్సలు పనికిరాదు."

చిటపట బుద్ధిగా పడుకుని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"సార్, మీతో మాట్లాడొద్దని నర్సు ఆర్డర్."