పక్కింటి దొర

సుప్రియకు శాంసన్ మీద మొదట కలిగింది ప్రేమ కాదు, చెప్పు పోయిన కోపం.

కాజీపేటలో అద్దె గది చూడటానికి వచ్చిన రోజది. రైల్వే స్టేషన్ దాటి ఆ వీధిలోకి స్కూటీ తిప్పేసరికి వాన మొదలైంది. చెప్పకుండా దిగిన చుట్టంలాంటి వాన, ఇప్పట్లో పోయే రకం కాదు. టు-లెట్ బోర్డు ఉన్న ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి వరండా ఖాళీగా కనబడితే గేటు తీసి అందులోకి చేరింది. బురద చెప్పులు మెట్టు కింద విడిచి, చున్నీతో మొహం తుడుచుకుంటుంటే లోపలి నుంచి ఒక ముసలావిడ గొంతు వినిపించింది.

"దొరా, లే. తిన్న కాన్నే పండుకుంటే ఎట్ల? జర బయటికి పోయి రా."

ఎవరో పెద్దమనిషి ఇల్లు కాబోలనుకుని సుప్రియ చున్నీ సర్దుకుంది. తలుపు తెరుచుకుంది. వచ్చినవాడు పెద్దగానే ఉన్నాడు. కాకపోతే నాలుగు కాళ్లున్నాయి.

చిన్నప్పుడు పిక్క మీద కుక్క కరిచిన గుర్తు సుప్రియకు ఇంకా ఉంది. ఆ కుక్క మహా అయితే మోకాలెత్తు. ఇది దున్నపోతు దూడంత ఉంది, గంపంత తలకాయ, మొహం నిండా దిగులు. సుప్రియ వరండా పిట్టగోడ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. కుక్క ఆమెను తీరిగ్గా వాసన చూసింది, ఏదో ఆలోచించింది, మెట్టు దిగి ఆమె చెప్పొకటి నోట కరుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

దాని వెనకే తువ్వాలతో తల తుడుచుకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. అతనే శాంసన్, రైల్వే సిగ్నల్ సెక్షన్‌లో పని.

"మేడమ్, గోడెందుకెక్కిన్రు?"

"మీ ఏనుగు నా చెప్పు తీస్కపోయింది."

"కుక్క మేడమ్ అది."

"కుక్కలు నేను చూసిన. గింత ఉంటయి."

"గింత ఉన్నయి వేరే. ఇది మాస్టిఫ్, కాపలా జాతి. కొత్తోళ్లొస్తే ఉరుముతడు. మిమ్మల్ని చూసి ఉరుమలేదు, ఖుషీగుండాలె మీరు."

"చెప్పు పోయినందుకా?"

"నచ్చినోళ్ల చెప్పే తీస్కపోతడు. చెప్పు లేకుంటే వాళ్లు ఇంటికి పోరని వాడి తెలివి."

చెప్పు తిరిగొచ్చేసరికి వానకు తడిసిన దానికన్నా జొల్లుకు తడిసింది ఎక్కువ. శాంసన్ దాన్ని నల్లా కింద కడిగి, తన తువ్వాలతోనే తుడిచి మెట్టు మీద పెట్టాడు. ఆ తువ్వాల సంగతి సుప్రియ గమనించింది. మర్నాడు ఆ పక్కింటి మేడ గది అద్దెకు తీసుకుంది. హన్మకొండలో తను ఫిజియోథెరపిస్టుగా పనిచేసే దవాఖానకు దగ్గరని ఇంట్లో చెప్పింది. నిజానికి అంత దగ్గరేమీ కాదు.

శాంసన్‌కు అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. పెంచింది నానమ్మ మరియమ్మ. కుక్కను మాత్రం, బదిలీ మీద పోతున్న ఒక రైల్వే ఆఫీసరు పిల్లగా ఉన్నప్పుడు ఇచ్చిపోయాడు. అప్పుడు దాని పేరు సీజర్. మరియమ్మ ఆ పేరు వారం కూడా సాగనివ్వలేదు. దొర అని ఎందుకు పెట్టావని సుప్రియ అడిగితే, "టైమొస్తే చెప్త బిడ్డా," అని నవ్వింది.

అంత పెద్ద కుక్కతో కాపురం ఎలా ఉంటుందో పక్కింట్లో ఉంటే కానీ తెలియదు. కూలర్ గాలి ముందు దొరకు, తర్వాత మిగిలిన వాళ్లకు. పెరుగన్నం గిన్నెతో పెడితే చాలదు, బకెట్టు కావాలి. తోక ఊపితే బల్ల మీద చాయ్ గ్లాసులు నేల మీదికి వస్తాయి. గురక మొదలుపెడితే గూడ్సు బండి పోతోందో దొర పడుకున్నాడో తేల్చుకోవడానికి కిటికీ తెరవాల్సిందే. ఇంత చేసీ వాడికి ఉరుమంటే భయం.

ఆ భయమే పని చేసిపెట్టింది. ఒక సాయంత్రం వరండా మెట్టు మీద సుప్రియ, శాంసన్ మర్యాదకు సరిపడా ఎడంగా కూర్చుని ఉన్నారు. ఉరిమింది. దొర పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్య ఇరుక్కుని, తల సుప్రియ చున్నీ కింద దాచుకున్నాడు. మిగతా ఒళ్లంతా బయటే ఉంది. అయినా తానెవరికీ కనిపించడం లేదని వాడి నమ్మకం.

వాడి భయం తీర్చడానికి ఇద్దరూ వీపు నిమిరారు. వీపు పెద్దదే. ఎంత పెద్దదైనా రెండు చేతులు ఒకచోట కలిశాయి.

"ఫికర్ చెయ్యకు. అయిపోతది," అన్నాడు శాంసన్.

"దొరకు చెప్తున్నవా, నాకా?"

"ఎవరు భయపడితే వాళ్లకు."

వాన వెలిసింది. దొర గురక పెట్టాడు. చేతులు మాత్రం నిమురుతూనే ఉన్నాయి. అయినా ప్రేమ అన్న మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

చిక్కంతా ఫోను దగ్గర వచ్చింది. ధర్మసాగర్ నుంచి తల్లి ఏసమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. పక్కింట్లో కుక్క ఉందని తెలిస్తే తెల్లారేసరికి గది ఖాళీ చేయించే మనిషి. అందుకని సుప్రియ కుక్క సంగతి దాచింది. శాంసన్ సంగతి ఎలాగూ దాచింది. కానీ సంతోషం దాగేది కాదు కదా. దొర పేరు అడ్డం పెట్టుకుని అంతా చెప్పేసేది. కాపలా జాతి, అడ్డం నిలవడానికే పుట్టింది.

పక్కింటి దొర తను వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడతాడని చెప్పింది. తన చేతి పెరుగన్నమంటే ప్రాణమని చెప్పింది. ఒకరోజు స్కూటీ మొరాయిస్తే శాంసన్ బండి మీద దవాఖాన దగ్గర దింపాడు. ఎలా పోయినవని తల్లి అడిగితే, అలవాటు కొద్దీ, "దొర దింపిండు," అనేసింది.

ఏసమ్మ ఫోను పెట్టేసి భర్తను పిలిచింది. ఆమెను భయపెట్టింది పెరుగన్నం కాదు, బండి కూడా కాదు.

"దొరలను వస్తరు, పోతరు అంటం. మన పిల్ల 'నిలబడతడు', 'దింపిండు' అంటాంది. దొరను పట్టుకొని అట్ల అంటాందంటే ఎంత దూరం పోయినట్టు?"

దేవదానం మేస్త్రీ. చేతిలోని తాపీ కింద పెట్టేశాడు. ఆయన తండ్రి ఊరి భూస్వామి కోటలాంటి ఇంట్లో, గడిలో, జీతగాడు. దొర గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత పట్టుకుని నడిచినవాడు. గడి ఇప్పుడు కూలిన గోడలే. అయినా దొర అన్న మాట వింటే దేవదానం వెన్ను తనంతట తానే వంగుతుంది. తన బిడ్డ ఆ గడపకే పోతుందా? ఉద్యోగం మాన్పించి తీసుకొచ్చేద్దామన్నాడు. చూసి ఉంచిన సంబంధం ఉండనే ఉంది.

ఆదివారం చర్చి నుంచి అటే ఆటో ఎక్కారు. పక్కిల్లు ఏదో కనుక్కుని, దేవదానం గేటు దగ్గరే చెప్పులు విడిచాడు. శాంసన్ నీళ్ల బకెట్టు కడుగుతూ కనిపించాడు.

"దొర ఉన్నడా?"

"ఉన్నడు. పండుకున్నడు," అన్నాడు శాంసన్. దొరను చూడటానికి, పక్కన నిలబడి సెల్ఫీ దిగడానికి జనం రావడం అతనికి కొత్త కాదు.

"పగటి పూటనా?"

"గదే పని. కూలర్ ముందట నుంచి కదలడు."

దొరలు మారలేదనుకున్నాడు దేవదానం.

"పెండ్లయిందా?" అంది ఏసమ్మ ఉండబట్టలేక.

ఆడమనిషి అడిగిందని శాంసన్ కొంచెం మొహమాటపడి గొంతు తగ్గించాడు. "లేదమ్మా. ఆపరేషన్ చేయించినం."

ఏసమ్మ గేటు పట్టుకుంది.

"డాక్టరే చేయించుమన్నడు. అప్పటి సంది గోడలు దుంకి పోవుడు బందయింది. ఇప్పుడు పక్కింటి సుప్రియ ఒక్కామె అంటేనే వానికి పాణం."

"సుప్రియా," అని దేవదానం వీధి అదిరేలా కేక వేశాడు. "బట్టలు సదురుకో. నడువు ఇంటికి."

మేడ మీద తల ఆరబెట్టుకుంటున్న సుప్రియ అలాగే కిందికి ఉరికొచ్చింది. ఆ కేకకు లోపల కూలర్ ముందున్నవాడు కూడా లేచాడు. ఉరుము కాదు, మనిషి గొంతని తేల్చుకుని, బయటికి వచ్చి, సుప్రియ ముందు అడ్డంగా నిలబడ్డాడు. దేవదానం వైపు చూసి నెమ్మదిగా ఉరిమాడు.

"వద్దు దొరా. మా నాయిన," అంది సుప్రియ, వాడి మెడ చుట్టూ చేతులు వేసి.

ఏసమ్మ పట్టుకున్న గేటు వదిలేసింది.

"దొరంటే... గిదా?" అంది ఏసమ్మ. "కుక్కనా?"

సుప్రియ తలూపింది.

"కుక్క," అంది ఏసమ్మ మళ్లీ, ఈసారి మొగుడితో. ఆమె మొహం విప్పారుతోంది. "ఏమయ్యా, కుక్కనట. దేవునికి స్తోత్రం, కుక్క."

కుక్కంటే హడలిపోయే ఏసమ్మ, జన్మలో మొదటిసారి ఒక కుక్కను చూసి ఆనందంతో కళ్లు తుడుచుకుంది.

సందడి విని మరియమ్మ బయటికి వచ్చింది. ఎవరు ఏమనుకుని వచ్చారో తెలుసుకుని, దేవదానాన్ని పరీక్షగా చూసింది. ఆయన నిలబడిన తీరు ఆమెకు తెలిసిన తీరే.

"నేను పోరినున్నప్పుడు గడిల వాకిలి ఊడ్చిన అయ్యా. దొర ముందట ఒక్కనాడు కూసున్నది లేదు. గీన్ని ఆఫీసరు ఇచ్చిపోయినంక అనుకున్న. ఇగ నేను సచ్చేదాక దొరను కూసోమంట, లెమ్మంట అని."

దేవదానం కుక్క వంక చూశాడు.

"నేను చెప్తే ఇంటడా?"

"ఇంటోళ్లు చెప్తేనే ఇంటడు. చెప్పి చూడు."

"దొరా," అన్నాడు దేవదానం. వెన్ను నిటారు చేసుకున్నాడు. మళ్లీ అన్నాడు. "దొరా, కూసో."

దొర సుప్రియ మొహంలోకి చూశాడు. తర్వాత ఆయన మొహంలోకి చూశాడు. పాత బీరువా దించినట్టు మెల్లగా కూలబడ్డాడు.

దేవదానం నవ్వాడు. ఆయనకు అంత పెద్ద నవ్వుందని ఏసమ్మకే తెలియదు. లెమ్మన్నాడు, లేచాడు. కూసోమన్నాడు, కూర్చున్నాడు. మరియమ్మే కనికరించి, "సాలు తియ్యయ్యా, వాని మోకాళ్లు అరుగుతయి," అనేదాకా ఆపలేదు.

అందరూ కుదుటపడ్డారు. కుదుటపడితే ఏసమ్మ బుర్ర బాగా పనిచేస్తుంది.

"ఏమే, మొన్న నిన్ను దవాఖాన కాడ దింపింది ఈ దొరేనా?"

సుప్రియ దొర చెవి సవరించింది.

"బండి నడుపుతడా ఈయన? లైసెన్సుందా?"

దొర తల తిప్పుకున్నాడు. ఈ విషయంలో అడ్డం నిలిచే ఉద్దేశం వాడికున్నట్టు లేదు.

"నేను దింపిన అత్తమ్మా," అన్నాడు శాంసన్.

ఆంటీ అనబోయాడు. నాలుక వేరే దారిన పోయింది. చేతిలో ఖాళీ బకెట్టుతో అలాగే నిలబడిపోయాడు.

సుప్రియ అతన్నే చూసింది. "ఇన్ని దినాలు నాకు చెప్పనిది మా అమ్మకు చెప్తున్నవా?"

"నోరు జారింది."

"వాపస్ తీస్కుంటవా?"

"తీస్కోను," అన్నాడు శాంసన్. చెవులు ఎర్రబడ్డాయి కానీ, మాట స్థిరంగా వచ్చింది. "నువ్వు తీస్కొమ్మంటే తప్ప."

"నేనెందుకంట," అంది సుప్రియ.

ఏసమ్మ అతని ఉద్యోగం అడిగింది, ఏ చర్చికి పోతారో అడిగింది. పొద్దుటి నుంచి తను ఊహించుకున్న అల్లుడితో పోలిస్తే ఈ బకెట్టు కుర్రాడు దేవుడు పంపినవాడిలా ఉన్నాడు. ఇక మిగిలింది దేవదానం.

"మీ తాత ఏం చేస్తుండె?"

"గడిల జీతం ఉండె," అని జవాబు మరియమ్మ ఇచ్చింది.

దేవదానం తలూపాడు. మరియమ్మ తెచ్చిచ్చిన చాయ్ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. "మా పాస్టరయ్యతోటి ఒక మాట చెప్పి, మంచి ఆదివారం చూసి మీరే రాండ్రి," అన్నాడు మరియమ్మతో. సుప్రియ మొహం దాచుకోవడానికి మళ్లీ దొర మెడే దొరికింది.

వెళ్లడానికి లేచి గేటు దాకా వచ్చిన దేవదానానికి ఒక్క చెప్పే కనిపించింది. రెండోది లేదు. ఆటో అతను హారన్ కొడుతున్నాడు.

వెనక్కి తిరిగి చూశాడు. వాకిట్లో దొర నిలబడి ఉన్నాడు, తల దించుకుని, నోట్లో ఆయన పాత తోలు చెప్పు జాగ్రత్తగా పట్టుకుని.

ఏసమ్మ తన భయం కూడా మరిచి, ఇప్పించుకొస్తానని కదిలింది. దేవదానం ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

"ఉండనియ్యే. జర సేపు మొయ్యనియ్యి."